అభిఘాతాలకు ఆరు పీరియడ్లు ఇవ్వండి సార్: మైక్రో షెడ్యూల్ వేసేవాళ్లకు ఒక ఫిజిక్స్ మేడం బహిరంగ లేఖ

ఇంటర్ కాలేజీల్లో ఫిజిక్స్‌కు ఏ పాఠానికి ఎన్ని పీరియడ్లో తేల్చే మైక్రో షెడ్యూల్ వేసే డీన్లకు, దాని మీద సంతకం పెట్టే ప్రిన్సిపాళ్లకు, అది చేత్తో పట్టుకుని సెక్షన్ల మధ్య పరిగెత్తే నా తోటి లెక్చరర్లకు నమస్కారం.

పద్దెనిమిదేళ్లుగా ఫస్టియర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. ఈలోపు నాలుగు కాలేజీలు మారాను. యూనిఫాం రంగు మారింది, బస్సు రంగు మారింది, షెడ్యూల్ మాత్రం ఎక్కడికెళ్లినా అదే. అందుకే ఏ కాలేజీ పేరూ రాయడం లేదు, ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు.

నా గొడవంతా ఒక్క పాఠం గురించి. అభిఘాతాలు, అంటే కొలిజన్స్, వస్తువులు ఒకదాన్నొకటి ఢీకొట్టుకోవడం. మన షెడ్యూల్లో దానికి రెండు పీరియడ్లు. మొదటి పీరియడ్లో నిర్వచనం, రకాలు, 8 మార్కుల డెరివేషన్. రెండో పీరియడ్లో షార్ట్‌కట్లు, బిట్లు. సాయంత్రం స్టడీ అవర్లో ఇంకో ముప్ఫై బిట్లు, ఆదివారం టెస్టు, సోమవారం ఎర్రర్ లిస్టు, మంగళవారం నుంచి తర్వాతి చాప్టర్. నేను అడిగేది ఆ రెండు పీరియడ్లను ఆరు చేయమని. కొత్త బిల్డింగు అడగడం లేదు, ల్యాబు అడగడం లేదు, జీతం సంగతి అసలే ఎత్తడం లేదు.

ఎందుకు ఆరు అంటారా? ఒక సోమవారం సంగతి చెబుతాను.

ముందు రోజు టెస్టులో అభిఘాతాల బిట్లన్నీ కరెక్టుగా పెట్టిన అమ్మాయి ఒకతి, మొదటి బెంచి. పుస్తకాలు మూయించి ఒక ప్రశ్న అడిగాను: లోడు లారీ వచ్చి రోడ్డు పక్కన ఆగి ఉన్న ఆటోను గుద్దింది, లారీ ఆటో మీద చూపించిన బలం ఎక్కువా, ఆటో లారీ మీద చూపించిన బలం ఎక్కువా? చేతులెత్తమంటే నలుగురైదుగురు తప్ప క్లాసంతా లారీ పార్టీయే. ఆ అమ్మాయి చెయ్యి సగం ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి అంది కదా, "మేడం, టెస్టులో అయితే సమానం అని పెడతాను. నిజంగా అయితే లారీదే కదా ఎక్కువ?"

నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది కూడా. ప్రతి బలానికీ సమానమైన ఎదురు బలం ఉంటుందనే న్యూటన్ థర్డ్ లా చెప్పింది నేనే మరి. తర్వాత తెలిసిందేమిటంటే, సరిగ్గా ఇలాంటి ప్రశ్నే హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ప్రొఫెసర్‌ను ఒక స్టూడెంట్ అడిగారట, మీరు చెప్పినట్టు రాయాలా లేక నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని. దాంతో ఆయన పాఠం చెప్పే పద్ధతే మార్చుకున్నాడు. నేను హార్వర్డ్ కాదు కదా, నాకు ఆ వారం షెడ్యూల్లో మిగిలింది ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాల్లో బోర్డు మీద వేసిన లెక్క ఇది. లారీ 15 టన్నులు, ఆటో 500 కిలోలు. లారీ 60 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దింది, ఆటో దాని ముందు భాగానికి అతుక్కుపోయి రెండూ కలిసి కదిలాయనుకోండి. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం మొత్తం మీద మారకూడదు కాబట్టి రెండూ కలిసి పోయే వేగం సుమారు 58 వస్తుంది. అంటే లారీ వేగం 2 తగ్గింది, ఆటో వేగం 58 పెరిగింది. ఇప్పుడు 15 వేల కిలోలను ఆ 2తో గుణించండి, 500 కిలోలను 58తో గుణించండి. లెక్క సుమారుగా వేశాం కాబట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి గానీ దశాంశాలు వదలకుండా వేస్తే రెండూ ఒకటే. లారీ ఎంత పోగొట్టుకుందో ఆటోకు అంతే వచ్చింది, అంతే సమయంలో. మరి బలం సమానం కాక ఏమవుతుంది? లారీ డ్రైవరుకు చిన్న కుదుపు, ఆటోవాడికి ప్రాణం మీదికి. తేడా బలంలో లేదు, ఆ బలం ఎవరి మీద పడిందన్న దాంట్లో ఉంది.

ఇక్కడ మన భాష కూడా ఒక తమాషా చేస్తుంది. తెలుగులో 'దెబ్బ' అనే మాట ఒకటే. దెబ్బ వేశాడు అంటాం, దెబ్బ తగిలింది అంటాం. వేసిన బలమూ దెబ్బే, జరిగిన నష్టమూ దెబ్బే. అందుకే పిల్లవాడు "ఆటోకే ఎక్కువ దెబ్బ" అన్నప్పుడు వాడు చెప్పేది నష్టం గురించి, అది నిజమే. మనం వినేది బలం గురించి, అది తప్పే. ఈ ముడి విప్పకుండా "సమానం, వ్యతిరేకం" అని వందసార్లు వల్లె వేయించినా వాడి బుర్రలో లారీ లారీగానే ఉంటుంది. అదే భాష ఇంకోచోట మనకు సాయం కూడా చేస్తుంది. ద్రవ్యవేగం అన్న మాట చూడండి, ద్రవ్యరాశి, వేగం రెండూ పేరులోనే ఉన్నాయి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు మొమెంటం అంటే క్రికెట్ కామెంటరీలో "మొమెంటం ఇండియా వైపు తిరిగింది" అనేదే అనుకుంటారు. వాళ్లకు కూడా నేను ఒకసారి తెలుగు మాట చెప్పి విడదీసి చూపిస్తాను.

ఇక మైనస్ గుర్తు సంగతి. ఎదురుగా వచ్చే వస్తువు వేగానికి మైనస్ పెట్టకపోవడం మన ఎర్రర్ లిస్టుల్లో ఎప్పుడూ పైనే ఉంటుంది. పక్కన ఎర్ర ఇంకుతో "సిల్లీ మిస్టేక్" అని రాస్తాం. సిల్లీ ఏమీ కాదు సార్, అదే పొరపాటు డెకార్ట్ చేశాడు. గ్రాఫు కాగితం మీద మనం గీసే అక్షాల ఆలోచన ఎవరి పేరుతో నడుస్తోందో ఆ డెకార్టే. 1644లో అచ్చయిన పుస్తకంలో ఆయన ఢీకొట్టుకోవడం గురించి ఏడు నియమాలు రాశాడు, అందులో చాలావరకు తప్పులే. ఆయన లెక్కలో 'చలన పరిమాణం' అంటే సైజును వేగంతో గుణించడం, దిక్కు లేదు. దిక్కు వదిలేస్తే ఏమవుతుందో చూడండి: ఆగి ఉన్న పెద్ద వస్తువును చిన్న వస్తువు ఎంత వేగంతో వచ్చి గుద్దినా కదిలించలేదట, తానే వెనక్కి తిరిగి పోతుందట. ఇది మన ఆటో-లారీ పార్టీ పిల్లల ఆలోచనే, కాకపోతే లాటిన్‌లో.

ఆ తప్పు సర్దుకోవడానికి యూరప్‌లో పెద్ద పెద్ద బుర్రలకు పాతికేళ్లు పట్టింది. 1668లో లండన్ రాయల్ సొసైటీ, ఈ ఢీకొట్టుకునే వ్యవహారం ఏమిటో తేల్చమని అడిగితే వాలిస్, రెన్, హైగెన్స్ ముగ్గురూ జవాబులు పంపారు. ఎగిరిపడని వస్తువుల గురించి వాలిస్ రాస్తే, తగిలి వెనక్కి ఎగిరే వాటి గురించి మిగతా ఇద్దరు రాశారు. మన పాఠంలో అస్థితిస్థాపకం, స్థితిస్థాపకం అని రెండు హెడ్డింగులు ఉన్నాయే, ఆ తేడా అప్పటినుంచీ ఉన్నదే. పాతికేళ్ల పనిని మనం నూరు నిమిషాల్లో లాగించేసి, పైగా పిల్లల్నే సిల్లీ అంటున్నాం.

హైగెన్స్ ఆలోచన మాత్రం ప్రతి క్లాసులో చెప్పి తీరాల్సిందే, ఫార్ములా ఒక్కటీ అక్కర్లేదు. ఆయనది హాలండ్, అక్కడి కాలువలో పడవ. నేను దాన్ని గోదావరిలోకి దింపుతాను, హైగెన్స్ ఏమీ అనుకోడు. పడవ గట్టు పక్కగా 5 వేగంతో పోతోంది. పడవలో ఒకడు దారాలకు వేలాడే రెండు సమానమైన గుండ్లను ఎదురెదురుగా, ఒక్కొక్కటి 5 వేగంతో ఢీకొట్టించాడు. రెండూ అచ్చం ఒకేలాంటివి కాబట్టి వచ్చిన వేగంతోనే వెనక్కి పోతాయి, ఇందులో ఎవరికీ పేచీ లేదు. ఇప్పుడు గట్టు మీద బట్టలు ఉతుక్కుంటున్న ఆవిడకు ఇదే ఎలా కనిపిస్తుంది? పడవ పోయే వైపు కదిలే గుండు వేగం 5కి 5 కలిసి 10. ఎదురుగా వచ్చే గుండు వేగం 5లోంచి 5 పోయి సున్నా, అంటే ఆగి ఉన్నట్టే. ఢీకొన్నాక 10తో వచ్చింది ఆగిపోయింది, ఆగి ఉన్నది 10తో పోయింది. క్యారమ్స్‌లో ఒక కాయిన్‌తో ఇంకో కాయిన్‌ను నిండుగా కొడితే జరిగేది దాదాపుగా ఇదే. సమాన ద్రవ్యరాశులైతే వేగాలు మార్చుకుంటాయి అని మనం బాక్సు కట్టి బట్టీ వేయించే పాయింటు, పడవ కథతో ఐదు నిమిషాల్లో ఎవరికైనా దానంతటదే వస్తుంది.

క్యారమ్స్ మాట వచ్చింది కాబట్టి అసలు సంగతికి వస్తాను.

రెండు కాలేజీల కిందట, హాస్టల్ వాచ్‌మన్ గదిలో ఉన్న పాత క్యారమ్ బోర్డును అడిగి క్లాసుకు మోయించుకొచ్చాను. రెండు టేబుళ్లు కలిపి పైన పెట్టాం. కెమిస్ట్రీ ల్యాబులో త్రాసు మీద తూస్తే స్ట్రైకర్ 15 గ్రాములు, కాయిన్ 5 మీద పిసరంత. లెక్కకు 5 అనుకున్నాం. క్యారమ్స్ ఫెడరేషన్ రూల్సు కూడా దాదాపు ఇంతే, స్ట్రైకర్ 15 దాటకూడదు, కాయిన్ 5 నుంచి 5.5 మధ్య ఉండాలి. మూడింతల తేడా, లెక్కకు ఇంతకంటే ముచ్చటైన అంకెలు ఏ పుస్తకంలోనూ దొరకవు. పూర్తిగా స్థితిస్థాపకమైతే, అంటే శక్తి ఏమాత్రం పోకపోతే, స్ట్రైకర్ సగం వేగంతో ముందుకే పోవాలి, కాయిన్ ఒకటిన్నర రెట్ల వేగంతో పోవాలి.

వెనక బెంచిలో ఒక కుర్రాడు ఉండేవాడు, ఆదివారం టెస్టుల్లో ఎప్పుడూ అడుగునే. హాస్టల్లో క్యారమ్స్ వాడి తర్వాతే ఎవరైనా. వాణ్ని పిలిచి అడిగాను, "విడిగా ఉన్న కాయిన్‌ను నిండుగా కొడితే స్ట్రైకర్ వెనక్కి వస్తుందా రా?" "రాదు మేడం, ఎందుకొస్తుంది, అది బరువు కదా." "పక్కకు తగిలితే?" "కాస్త పక్కకు పోద్ది, అంతే. ఎక్కువ తిరగదు. ఫౌల్ అవుద్దని భయపడక్కర్లేదు." ఎంత కాస్త అన్నది నేను బోర్డు మీద వేసి చూపించాను: కాయిన్ బరువు స్ట్రైకర్‌లో మూడో వంతు కాబట్టి స్ట్రైకర్ పక్కకు తిరిగే కోణం సైన్ విలువ మూడో వంతు దాటదు, అంటే దాదాపు 19.5 డిగ్రీలు. కోణం కొలిచే డి తెచ్చి బోర్డు మీద పెట్టి చూస్తూ వాడి మొహం వెలిగిపోయింది. వాడి వేళ్లకు తెలిసిన సంగతే, దానికి అంకె ఉందని అప్పుడు తెలిసింది.

తర్వాత నా ఫోను. సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. రెండు కుర్చీలు, మధ్యలో స్కేలు, దాని అంచున ఫోను, కింద బోర్డు మీద ఇంకో స్కేలు. బోరిక్ పౌడర్ చల్లాం, అది నా చీర మీదే ఎక్కువ పడింది. కొట్టినవాడు మన కుర్రాడే. వీడియోను ఫ్రేము తర్వాత ఫ్రేము జరుపుతూ చూస్తే, తగలకముందు పది ఫ్రేముల్లో స్ట్రైకర్ 5 సెంటీమీటర్లు కదిలింది. తగిలాక అదే పది ఫ్రేముల్లో స్ట్రైకర్ 2.7, కాయిన్ 6.6.

ఫార్ములా వచ్చిన పిల్లలు వెంటనే లేచారు, "తప్పు మేడం, 2.5, 7.5 రావాలి." సరే, ద్రవ్యవేగం చూద్దాం అన్నాను. ముందు 15 ఇంటూ 5, అంటే 75. తర్వాత 15 ఇంటూ 2.7కి 5 ఇంటూ 6.6 కలిపితే 73.5. తేడా నూటికి రెండు, స్కేలు చదవడంలో మన చేతివాటం, బోర్డు రాపిడి కలిపితే ఆ మాత్రం ఉంటుంది. మరి గతిజశక్తి, అంటే కదలిక వల్ల ఉండే శక్తి? ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి, ఫార్ములాలోని సగాలు పక్కన పెట్టి లెక్కేస్తే ముందు 375, తర్వాత 327. నూటికి పదమూడు మాయం! క్లాసు ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఒకమ్మాయి మెల్లగా, "టక్ మని సౌండ్ వచ్చింది కదా మేడం, అందులో పోయిందా?" అంది. కొంత అందులో, ఎక్కువ వేడిలో, తగిలిన చోట చెక్క నలగడంలో. ద్రవ్యవేగం అలా ఎక్కడికీ పోలేదు చూశారా, వేడిగా మారడానికి దానికి వీల్లేదు, దానికి దిక్కు ఉంది. ఈ ఒక్క వాక్యం నేను అంతకుముందు పదేళ్లు చెప్పాను. ఆ రోజు వాళ్లే చెప్పారు.

ఇంకో అంకె మిగిలింది. 6.6లోంచి 2.7 తీసేస్తే 3.9, దాన్ని మొదటి 5తో భాగిస్తే 0.78. అదే ప్రత్యావస్థాన గుణకం, అంటే దగ్గరైన వేగంలో ఎన్నో వంతు వేగంతో విడిపోయాయన్నది, పిల్లల భాషలో 'ఈ' విలువ. పుస్తకంలో అది సున్నాకీ ఒకటికీ మధ్య ఉంటుందని ఒక లైను ఉంటుంది, బిట్లలో సగం అనో ముప్పావు అనో ఇచ్చేస్తారు. అది ఎక్కడినుంచి వస్తుందో ఎవరూ అడగరు. న్యూటన్ దాన్ని లోలకాలకు గుండ్లు కట్టి ఢీకొట్టించి కొలిచాడు, 1687 నాటి ప్రిన్సిపియాలో ఉంది. గట్టిగా చుట్టిన ఉన్ని ఉండలకు 9 వంతుల్లో 5 వచ్చింది, గాజుకు 16 వంతుల్లో 15. అంటే ఉన్నికి 0.56, గాజుకు 0.94. మన క్యారమ్ కాయిన్ ఆ రెండింటికీ మధ్యలో వచ్చి కూర్చుంది. న్యూటన్ పట్టికలో మన హాస్టల్ కాయిన్‌కు కూడా ఒక వరుస దొరికిందని పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లే కొంప ముంచాయి. రౌండ్స్‌లో ఉన్న డీన్ సార్ తలుపు దగ్గర నిలబడ్డారు. లోపల క్యారమ్ బోర్డు, పౌడరు, టేబుల్ చుట్టూ మూగిన పిల్లలు. "మేడం, ఇది ఫిజిక్స్ క్లాసా, రిక్రియేషన్ క్లబ్బా?" పిల్లల ముందే. నేను ఏదో చెప్పబోయాను, "షెడ్యూల్లో ఇవాళ రొటేషనల్ మోషన్ కదా" అన్నారు. నిజమే. బోర్డును ఆఫీసు రూములోకి పట్టుకెళ్లారు. నెల తర్వాత ఏదో సంతకానికి వెళ్తే కనిపించింది, దాని మీద ఫీజు రసీదు పుస్తకాలు కట్టలు కట్టలుగా పేర్చి ఉన్నాయి. వాచ్‌మన్‌కు మొహం చూపించలేక కొన్నాళ్లు వెనక గేటు నుంచి వెళ్లాను.

ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకు పైనుంచి ఫోను వస్తుంది, ఆ పైవాళ్లకు ర్యాంకుల హోర్డింగులు కావాలి. అందుకే ర్యాంకుల భాషలోనే మాట్లాడుకుందాం. ఎప్‌సెట్‌లో 180 నిమిషాలు, 160 ప్రశ్నలు, అందులో ఫిజిక్స్ 40. ప్రశ్నకు 67 సెకన్లు, ఈ టైమ్‌లో షార్ట్‌కట్ లేకపోతే ఎలా అంటారు. మరి ఆ షార్ట్‌కట్ ఏమిటి? కింద రెండు ద్రవ్యరాశుల మొత్తం, పైన తేడా, పక్కన ఇంకో పదం, రెండో వస్తువుకు మళ్లీ అలాంటిదే తలకిందులుగా. పరీక్ష హాల్లో టెన్షన్‌లో ఒకటికి బదులు రెండు రాస్తే అంతే సంగతులు. పైగా 'ఈ' విలువ ఒకటి కానప్పుడు ఆ ఫార్ములా పనికే రాదు, దానికి ఇంకో ఫార్ములా. నా పిల్లలు రెండే లైన్లు రాస్తారు: ముందు ద్రవ్యవేగం, తర్వాత ద్రవ్యవేగం సమానం. ఎంత వేగంతో దగ్గరయ్యాయో దాన్ని 'ఈ'తో గుణిస్తే ఎంత వేగంతో దూరమవుతాయో వస్తుంది. అంతే. అతుక్కుపోయాయా, 'ఈ' సున్నా. స్థితిస్థాపకమా, 'ఈ' ఒకటి. గోడకు కొట్టిన బంతా, నేల మీద పడ్డ బంతా, అన్నిటికీ అవే రెండు లైన్లు. క్యారమ్ బోర్డు మీద ఒకసారి చేతులారా కొలిచినవాడు ఆ రెండో లైను మర్చిపోడు. నన్ను నమ్మకపోతే స్టాప్‌వాచ్ పెట్టి చూడండి, నా సెక్షన్‌కు వస్తే నేనే టీ ఇప్పిస్తాను.

ద్రవ్యవేగానికీ గతిజశక్తికీ తేడా చెప్పడానికి ఒక పూర్తి పీరియడు కావాలి, దీనికి మాత్రం బేరం లేదు. ఎమ్‌వీ కరెక్టా, ఎమ్‌వీ స్క్వేర్ కరెక్టా, అంటే కదలికకు కొలత ద్రవ్యవేగమా, ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించిందా అని డెకార్ట్ మనుషులూ జర్మన్ పండితుడు లైబ్నిజ్ మనుషులూ దశాబ్దాల పాటు కొట్టుకున్నారు. గ్రావెసాండే అనే డచ్ ప్రొఫెసర్ 1720లలో ఇత్తడి గుండ్లను మెత్తని మట్టిలోకి వదిలి గుంటలు కొలిచాడు, ఫ్రెంచ్ పండితురాలు ఎమిలీ ద్యు షాత్లే ఆ ఫలితాన్ని తన 1740 నాటి పుస్తకంలో వాదనకు వాడుకుంది. పాఠంలో ఒక్క ఆడమనిషి పేరు కూడా రాదేం మేడం అని అడిగే అమ్మాయిలకు నేను ఈవిడ పేరు చెబుతాను. ఈ ప్రయోగం మనకు తేలిక, అభిఘాతాలు సరిగ్గా వినాయక చవితి రోజుల్లోనే వస్తాయి, బొమ్మకు తెచ్చిన బంకమట్టి ఎవరింట్లోనైనా మిగులుతుంది. ఒకే గుండును ఒక అడుగు ఎత్తు నుంచి, నాలుగు అడుగుల ఎత్తు నుంచి వదలండి. రెండోసారి వేగం రెట్టింపే, ద్రవ్యవేగం రెట్టింపే, గుంట మాత్రం రెండింతలతో ఆగదు, దాదాపు నాలుగింతల మట్టిని తవ్వుతుంది. బైకు 40 మీద పోయేవాడికీ 80 మీద పోయేవాడికీ తేడా ఎంత అని అప్పుడు అడగండి. ఆ వయసు పిల్లలకు అది సిలబస్ కంటే ఎక్కువ అవసరం. ఎదురెదురుగా చెరో 60లో వచ్చిన ఒకేలాంటి రెండు కార్లు గుద్దుకుంటే ఒక్కో కారుకు అది 120లో గోడను గుద్దినట్టా అని కూడా అడగండి. సగానికి సగం మంది అవునంటారు. కాదు, 60లో గోడను గుద్దినట్టే, రెండూ అక్కడికక్కడే ఆగిపోయాయి కదా.

కమ్మరి కొలిమి గురించి ఒక్క మాట, ఎందుకంటే మా తాతగారి ఊళ్లో చిన్నప్పుడు గంటలు గంటలు చూశాను. దాగలి, అదే ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ, అంత బరువుగా ఎందుకుంటుంది? 2 కిలోల సుత్తి, 50 కిలోల దాగలి అయితే, వెనక్కి ఎగరని దెబ్బలో సుత్తి శక్తిలో నూటికి 96 వంతులు ఎర్రగా కాలిన ఇనుమును సాగదీయడానికే పోతుంది, దాగలి కదలదు. గోడకు మేకు కొట్టేటప్పుడు కథ తిరగబడుతుంది, అక్కడ సుత్తి బరువు, మేకు తేలిక, శక్తంతా కదలికగానే ఉండి మేకు లోపలికి దిగుతుంది. రెండూ ఒకే ఫార్ములా. పుస్తకంలో అది 'గతిజశక్తి నష్టం' అని ఉంటుంది, కమ్మరికి అది నష్టం కాదు, కూలి.

చివరి పీరియడు నేను ఎప్పుడూ ఒకే కథకు ఉంచుకుంటాను, దొరికిన సంవత్సరాల్లో. 1932, కేంబ్రిడ్జ్, జేమ్స్ చాడ్విక్. బెరిలియం నుంచి ఏదో కిరణం వస్తోంది, విద్యుదావేశం లేదు, కంటికి ఆనవాలు లేదు, గామా కిరణం అనుకున్నవాళ్లు ఉన్నారు. అది మైనానికి తగిలితే హైడ్రోజన్ కేంద్రకాలు సెకనుకు 3.3 కోట్ల మీటర్ల వేగం వరకు ఎగిరిపడుతున్నాయి, నైట్రోజన్‌కు తగిలితే అవి 47 లక్షల మీటర్ల వరకు. వచ్చినదాని వేగం తెలియదు, బరువు తెలియదు. చాడ్విక్ ఏం చేశాడు? మన 8 మార్కుల డెరివేషన్‌లో ఆఖరి లైను రెండుసార్లు రాసి ఒకదాన్ని ఇంకోదానితో భాగించాడు. తెలియని వేగం కొట్టేసుకుపోయింది. మిగిలింది ఇది: తెలియని బరువుకు నైట్రోజన్ బరువు 14 కలిపి, అదే బరువుకు హైడ్రోజన్ బరువు 1 కలిపినదాంతో భాగిస్తే సుమారు 7. పిల్లల్ని చేయమంటాను, నిమిషంలో చేస్తారు, ప్రోటాన్ బరువు ఒకటి అనుకుంటే 1.15 దగ్గర వస్తుంది. కొలతల్లో ఉండే తేడా తీసేస్తే ప్రోటాన్ అంత బరువు, ఆవేశం లేదు. న్యూట్రాన్. 1935లో నోబెల్. ఇంటర్ ఫస్టియర్ లెక్కే.

ఈ కథ మన దగ్గరికి కూడా వస్తుంది. రియాక్టర్లో న్యూట్రాన్ల వేగం తగ్గించాలంటే వాటిని దేనికి గుద్దించాలి? సీసం లాంటి బరువైన దానికి గుద్దిస్తే ఎదురెదురు దెబ్బలో కూడా శక్తిలో నూటికి రెండు వంతులే వదులుతాయి, గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చేస్తాయి. సమాన బరువున్న హైడ్రోజన్ అయితే ఒక్క దెబ్బకు మొత్తం ఇచ్చేసి ఆగిపోగలవు, గట్టు మీదినుంచి చూసిన పడవలో గుండ్లలాగే. కానీ మామూలు హైడ్రోజన్ న్యూట్రాన్లను మింగేస్తుంది కూడా, అందుకే దాని రెట్టింపు బరువున్న డ్యుటీరియం, అది 9 వంతుల్లో 8 తీసుకుంటుంది, మింగడం చాలా తక్కువ. ఆ డ్యుటీరియం ఉండే నీరే భారజలం, దాన్ని తయారుచేసే కర్మాగారం తెలంగాణలో మణుగూరు దగ్గరే ఉంది. ఒకసారి ఆ వైపు నుంచి వచ్చిన పిల్లవాడు లేచి, "మా మామయ్య అక్కడే చేస్తాడు మేడం, కానీ ఎందుకు చేస్తారో ఎప్పుడూ చెప్పలేదు" అన్నాడు. ఆ సంక్రాంతి సెలవుల్లో మామయ్యకు వాడే చెప్పాడట.

తోటి లెక్చరర్లకు విడిగా ఒక మాట. షెడ్యూల్ మారేదాకా ఆగనక్కర్లేదు. ఫోన్లో ఫైఫాక్స్ అని ఒక ఉచిత యాప్ ఉంది, జర్మనీలో ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు చేసింది. బంతిని నేల మీద వదిలితే టప్ టప్ మనే శబ్దాల మధ్య టైమ్‌ను బట్టి ప్రతిసారీ ఎంత ఎత్తు ఎగిరిందో అదే లెక్కేస్తుంది. పది నిమిషాల పని, ఏ పీరియడు చివరైనా దూర్చవచ్చు. ఫుట్‌బాల్ మీద టెన్నిస్ బంతి పెట్టి రెండూ కలిపి వదిలితే పైది ఫ్యానుకు తగులుతుంది, ముందు ఫ్యాను ఆపండి, నా అనుభవంతో చెబుతున్నాను. ఎందుకంత ఎగిరిందో ఆ రోజు చెప్పకండి, ఇంటికి పంపండి.

డీన్ సార్లూ, ఆరు పీరియడ్లు ఎక్కడినుంచి తేవాలంటారా, వెర్నియర్ కాలిపర్స్ మీద మనం పెడుతున్న రివిజన్ టెస్టులు ఒకసారి లెక్కపెట్టండి. అప్పటికీ కుదరకపోతే నాలుగు ఇవ్వండి, సర్దుకుంటాం.

క్యారమ్ బోర్డు ఇప్పుడు మా ఇంట్లో సొంతంగా ఒకటి ఉంది, పెద్దది, హాల్లో గోడకు ఆనించి ఉంటుంది. ఏ కాలేజీ వాళ్లకైనా వారం రోజులు ఇస్తాను, ఆటో పెట్టుకుని వచ్చి తీసుకెళ్లండి. పౌడరు మీరే తెచ్చుకోండి. ఫీజు రసీదులు మాత్రం పైన పెట్టకండి.

మీ
ఫిజిక్స్ మేడం